తిరుగు టికెట్టు

మా మేనల్లుడు పెళ్ళయిన ఉత్సాహంలో మారిషస్‌కి రెండు టికెట్లు కొనేసి, ఆ తరవాత తీరిగ్గా నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, నువ్వు వెళ్ళొచ్చావుగా. ఏమేం పట్టుకెళ్ళాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఓ లిస్టు రాసి వాట్సాప్‌లో పెట్టవా?" వెనకనించి మా అక్కయ్య గొంతు: "ఆవకాయ ఎంత పెట్టాలో అడగరా ముందు."

మనల్ని సలహా అడిగినవాణ్ణి మించిన ఆప్తుడు లోకంలో లేడు. ఆ రాత్రే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. పది ముక్కలు గబగబా రాసి పడేద్దామనుకున్నవాణ్ణి మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను. ఒకటి: తిరుగు టికెట్టు ప్రింటు తీసి చేతిలో ఉంచుకో.

చూడబోతే మామూలు మాటే. మన పాస్‌పోర్టున్నవాళ్ళకి అక్కడ దిగాక విమానాశ్రయంలోనే పర్యాటక వీసా ఇస్తారు, రుసుం లేదు. కాకపోతే వెళ్ళేది ఎప్పుడో తెలిపే టికెట్టు, దిగే బస వివరం, ఉన్నన్నాళ్ళూ ఖర్చుకి సరిపడా సొమ్ము ఉందన్న ఆధారం చూపించమంటారు. నేను దిగిన రోజున కౌంటర్లో కూర్చున్నమ్మాయి నా మొహం చూడకముందే టికెట్టు చూసింది. "ఎప్పుడు వెళ్తారు?" అంది చిరునవ్వుతో. మన వైపు గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టాన్ని ఆ మాట అడిగితే మరో మూడు తరాలు ఆ ఇంటి గడప తొక్కరు. అక్కడ మాత్రం అదే స్వాగతం.

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని మన పెద్దవాళ్ళు అనేవారు. ప్రయాణం అంటే వాళ్ళ లెక్కలో తిరిగొస్తామన్న పూచీ లేనిది. ఇప్పుడు మనం ఇచ్చుకునే సలహాలన్నీ తిరిగొచ్చేవాడికి ఇచ్చేవే. సన్‌స్క్రీన్ పెట్టుకో, ఫోన్ చార్జర్ మర్చిపోకు, మిగిలిన డబ్బు మార్చుకుని రా. వాటన్నిటి కిందా కనపడకుండా తిరుగు టికెట్టు ఒకటి ఉంటుంది. ఈ మాట నాకు మారిషస్ వెళ్ళాకనే తట్టింది. ఎందుకో చెప్పేముందు వాడికి కావలసిన సరుకు రాసిపెట్టాలి.

రెండు: స్వెటర్. ఉష్ణమండల ద్వీపం అనగానే మన కళ్ళముందు కొబ్బరిచెట్టు, దానికింద చొక్కాలేని మనిషి కనపడతారు. నేనూ అలాగే అనుకుని ఆగస్టులో నాలుగు పల్చటి చొక్కాలు సర్దుకుని వెళ్ళాను. మారిషస్ భూమధ్యరేఖకి అవతలి వైపుంది. మనకి ఎండాకాలం ముగిసేసరికి వాళ్ళకి చలికాలం మొదలవుతుంది. సముద్రం ఒడ్డున ఫరవాలేదు. మధ్యనున్న పీఠభూమి మీద క్యూర్‌పిప్ అనే ఊరుంది, సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తు. అక్కడ మబ్బు, ముసురు, చలిగాలి. చల్లారిన అగ్నిపర్వతపు నోరు చూద్దామని ఎక్కినవాణ్ణి, మొహానికి జేబురుమాలు కట్టుకుని దిగాను. పక్కనే స్కూలు పిల్లలు ఉన్ని కోట్లలో కులాసాగా వెళ్తున్నారు. తూర్పు తీరంలో కూడా ఆ నెలల్లో గాలి జోరెక్కువ. పడమటి ఒడ్డు పొడిగా, వెచ్చగా ఉంటుంది. నన్నడిగితే అక్టోబరు, నవంబరు మంచివి. ఎండ మరీ ముదరదు, చలి పోతుంది.

జనవరి నుంచి మార్చి దాకా తుపానులు ముమ్మరంగా వచ్చే కాలం. కాకినాడ మనిషికి తుపాను గురించి చెప్పక్కర్లేదు గానీ, ఒక ముచ్చట చెప్పాలి. 1845లో మారిషస్ నుంచి బయల్దేరిన చార్లెస్ హెడిల్ అనే ఓడ తుపానులో చిక్కుకుని, రోజుల తరబడి గానుగెద్దులా గుండ్రంగా తిరిగి, చివరికి బయల్దేరిన చోటికి దాపులోనే తేలింది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ ఆ ఓడ దినచర్య పుస్తకం తెప్పించుకుని చదివాడు. గాలి చుట్టచుట్టుకున్న పాములా తిరుగుతుందని తేల్చి, 1848లో వేసిన పుస్తకంలో దానికి 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. ఆ పెద్దమనిషే మన కాకినాడ పక్కనున్న కోరంగి మీద 1789లో విరుచుకుపడ్డ ఉప్పెన గురించి కూడా రాశాడు. 1839లో మరో ఉప్పెన వచ్చి ఆ రేవును బాగా దెబ్బతీసింది. మన టీవీలు ఇవాళ గంటకోసారి వల్లించే మాట పుట్టుకలో అటు మారిషస్ ఉంది, ఇటు కోరంగీ ఉంది.

అక్కడ తుపాను హెచ్చరికకి నాలుగు మెట్లు. మూడో మెట్టు ప్రకటించారంటే బస్సులు ఆగిపోతాయి, దుకాణాలు మూసేస్తారు, ఇల్లు కదలకూడదు. హోటలువాళ్ళు గదిలో ఉండమంటే వీడియో తీద్దామని ఒడ్డుకి పోవద్దు. ఇళ్ళన్నీ కాంక్రీటు డబ్బాల్లా ఉన్నాయేమిటని నేను మొదట మూతి విరిచాను. 1960లో క్యారొల్ అనే తుపాను రేకుల ఇళ్ళనీ గుడిసెల్నీ ఎగరేసుకుపోయాక జనం శ్లాబుల్లోకి మారారట. అందం గురించి అభిప్రాయాలు చెప్పేముందు ఆ ఊరి గాలి గురించి తెలుసుకోవాలి.

మూడు: తిండి. అక్కయ్య కోసం ఇది వివరంగా రాశాను. ఆవకాయ సీసా బాగా బిగించి పెట్టె సామానులో వేస్తే సరే, కస్టమ్స్ ఫారంలో దాచకుండా రాయాలి. కరివేపాకు రెబ్బలు, మామిడిపళ్ళు, మొక్కలు, విత్తనాలు మాత్రం వద్దు. పర్మిట్ లేకుండా పచ్చివేవీ రానివ్వరు. ద్వీపాలు తెగుళ్ళకి భయపడతాయి, అందులో న్యాయం ఉంది. మనుషులు తెచ్చిన పందులూ కోతులూ ఎలుకలూ గుడ్లు తిని, మనుషులు వేటాడి, డోడో అనే ఎగరలేని పక్షి ఒక్కటి కూడా మిగలకుండా పోయిన దేశం అది. ఇంకోటి, మందులకి డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి. మత్తు కలిగించే మాత్రల విషయంలో చాలా కఠినంగా ఉంటారు. ఈ-సిగరెట్లు నిషేధం, సిగరెట్టు చుట్టుకునే కాగితం కూడా నిషేధమే. వాడికి ఆ అలవాటు లేదని మా అక్కయ్య నమ్మకం. నేను ఊరికే రాసి ఊరుకున్నాను.

కరివేపాకు తీసుకెళ్ళలేదన్న బెంగ అక్కర్లేదు. రాజధాని పోర్ట్ లూయీ నడిబజారులో గుట్టలు పోసి అమ్ముతారు, 'కారిపులే' అంటారు. మునగాకు 'మురుం', బీరకాయ 'పిపంగాయ్', పొట్లకాయ 'పటోల్'. చట్నీ 'సాటిని' అయింది. ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాషలో మన పెరటి కూరగాయలు అలా వేషం మార్చుకుని కూర్చున్నాయి. ఆ మార్కెట్లో ఒక ఉదయమంతా తిరిగాను. సముద్రం చూసినప్పుడు కలగని సంతోషం పొట్లకాయని చూస్తే కలిగింది.

పొద్దున్నే బండి దగ్గర డాల్‌పురీ తినాలి. ఉడికించిన పప్పు మెత్తగా పొడి చేసి లోపల పెట్టి, కాయితంలా పల్చగా ఒత్తిన రొట్టె అది. మన బొబ్బట్టుకి తీపి తీసేసి ఉప్పుతో పెళ్ళి చేసినట్టుంటుంది. ఒకటిగా ఇవ్వరు, జతగానే. మధ్యలో చిక్కుడు గింజల కూర, టమాటా కూర, పచ్చడి రాసి, చుట్టి చేతిలో పెడతారు. 'గాతో పిమాఁ' అంటే మిరపకాయ కేకు అని అర్థం చెప్పారు. కొరికి చూస్తే మసాలా వడ చిన్నతమ్ముడు. శాకాహారులైతే "శాన్ వియాండ్, శాన్ ప్వాసోఁ" అని రెండూ చెప్పాలి. మాంసం వద్దంటే చేప పెట్టే అమాయకులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

నాలుగు: డబ్బు, బళ్ళు. అక్కడా రూపాయే. మన రూపాయికన్నా బరువైనది, గుణించుకుని ఖర్చు పెట్టు. నోటు మీద ఇంగ్లీషుతోబాటు తమిళ, నాగరి లిపులుంటాయి. తెలుగు కోసం వెతికాను, లేదు. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ చెల్లింపులు అక్కడ మొదలయ్యాయి గానీ, డాల్‌పురీ బండికి చిల్లర నోట్లే దిక్కు. దేశమంతా కలిపి రెండువేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, మన పాత తూర్పు గోదావరి జిల్లాలో ఐదో వంతు. అయినా ఒక్కరోజులో చుట్టేస్తానని బయల్దేరకు. చెరకుతోటల మధ్యనుంచి పోయే దారులు సన్నగా, మెలికలుగా ఉంటాయి. వాహనాలు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పిప్ దాకా మెట్రో ఉంది. పల్లెటూళ్ళలో పొద్దుగూకితే బస్సులుండవు, దుకాణాలూ తొందరగా కట్టేస్తారు. ఆరింటికి కాఫీ తాగి ఏడింటికి బజారుకి బయల్దేరే కాకినాడ పద్ధతి అక్కడ చెల్లదు. గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకో. అత్యవసరమైతే పోలీసుకి 999, అంబులెన్సుకి 114.

అయిదు: సముద్రం. కాకినాడ రేవుకి హోప్ ఐలండ్ ఎలా అడ్డుగా నిలుస్తుందో, మారిషస్ చుట్టూ పగడపు దిబ్బ అలా ప్రహరీ కట్టింది. అవతల తెల్లటి నురగ గీతలా కనిపిస్తుంది, ఇవతల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు నిశ్చలంగా ఉంటాయి. పగడాల మీద కాలు పెట్టకు. వాటికోసమూ, నీకోసమూ. ముళ్ళ జీవులుంటాయి, రాయిలాగే ఉండి ముల్లు గుచ్చే విషపు చేప కూడా ఉంది. అందుకని నీళ్ళలోకి రబ్బరు బూట్లు తొడుక్కునే దిగాలి. దక్షిణాన సూయాక్ దగ్గర గ్రీ-గ్రీ అనే చోట ఆ ప్రహరీ లేదు. అక్కడ సముద్రం తిన్నగా వచ్చి కొండని గుద్దుతుంది. చూసి రావాలి, దిగకూడదు. అదే సముద్రం, అదే నీలం. మధ్యన గోడ ఉందా లేదా అన్నదే తేడా.

ఇంతవరకూ రాసేసరికి రాత్రి పదకొండయింది. చూడాల్సినవి ఇంటర్నెట్టులో వాడికే దొరుకుతాయి: చమరెల్ దగ్గర ఏడు రంగుల మట్టి, పాంప్లమూస్ తోటలో పెద్ద పళ్ళేల్లాంటి తామరాకులు, గంగాతలావ్ దగ్గర ఆకాశాన్నంటే శివుడు. నేను రాయాల్సింది వేరే ఉంది. ఆరో అంకె వేసి ఊరుకున్నాను.

చెరకుతోటల మధ్య అక్కడక్కడ నల్లరాళ్ళ గుట్టలు కనపడతాయి. కొన్ని పిరమిడ్ల ఆకారంలో, ఇంటంత ఎత్తున. కారాపిన మా డ్రైవరు, "చేతుల్తో ఏరినవి" అన్నాడు. అగ్నిపర్వతం కక్కిన రాళ్ళు నేలంతా పరుచుకుని ఉంటే, వాటిని ఒక్కొక్కటే ఎత్తి పక్కన పేర్చి, ఖాళీ అయిన చోట చెరకు నాటారు. మొదట బానిసలు, 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయ్యే వేళకి మన దేశం నుంచి ఒప్పందం మీద వచ్చిన కూలీలు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో మొదటి జట్టు దిగింది. ఈ రెండు తేదీలూ ఇప్పుడు అక్కడ సెలవుదినాలు. తరవాతి ఎనిమిది దశాబ్దాల్లో నాలుగున్నర లక్షలకి పైగా మనుషులు వచ్చారు. అందులో తెలుగువాళ్ళు విశాఖపట్నం, గంజాం, గోదావరి సీమలవాళ్ళు. మొదట్లో కోరంగి రేవున ఓడ ఎక్కినవాళ్ళున్నారు గనక అక్కడ వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. ఊరి పేరే జాతి పేరయింది.

వాళ్ళకి కూడా తిరుగు టికెట్టు ఉండేది. అయిదేళ్ళు పనిచేస్తే తిరుగు ప్రయాణం ఉచితం అన్నది మొదట్లో ఒప్పందంలో షరతు. కొన్నేళ్ళకి దాన్ని తీసేశారు. వెనక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు, లేకపోలేదు. ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు.

పోర్ట్ లూయీ రేవులో వాళ్ళు దిగిన చోటుంది. 1849లో కట్టిన డిపో. కూలీ ఘాట్ అనేవారు, ఇప్పుడు ఆప్రవాసి ఘాట్. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నల్లరాతి గోడలు, కొన్ని మెట్లు, అంతే. పక్కనే పెద్ద రోడ్డు హోరెత్తిపోతుంటుంది. అరగంటలో చూసేసి, నీడన కూర్చుని ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతున్నాను. పక్క బెంచీ మీదున్న పెద్దాయన నా మాట వింటున్నాడు. ఫోన్ పెట్టగానే, "తెలుగు?" అన్నాడు.

బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడట. పేరు చివర 'డూ' ఉంది. మన 'అప్పడు', 'రాముడు' ఓడ దిగేసరికి గుమాస్తా చేతిలో పడి 'అప్పాడూ', 'రామడూ' అయి, ఇంటిపేర్లుగా స్థిరపడిపోయిన దేశం అది. "నమస్కారం. బాగున్నారా?" దాకా తెలుగులోనే సాగింది. తరవాత ఇంగ్లీషులోకి మళ్ళాం. ఉగాది వాళ్ళకి దేశమంతటికీ సెలవు. మన ప్రపంచ తెలుగు మహాసభలు కూడా 1990లో అక్కడ జరిగాయి. బడిలో తెలుగు చెప్తారు, తన మనవరాలు చదువుతోందన్నాడు. ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రాత్రంతా రామభజన. నేను అడగకుండానే సన్నగా ఒక భజన అందుకున్నాడు. ఉచ్చారణ కొంచెం ఒరిగింది గానీ, తాళం ఎక్కడా తప్పలేదు. పాట అయ్యాక, "అర్థం సగమే తెలుసు" అన్నాడు.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. తెలుగువాడు తెలుగువాణ్ణి చూస్తే ఆగని నోటితో, "మీది ఏ ఊరండీ?" అన్నాను.

ఆయన సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కూలీల రికార్డులన్నీ అక్కడే భద్రపరిచారు, వారసులు వెళ్ళి వెతికించుకుంటారు. ముత్తాతగారి నకలు అది. ఒక నెంబరు. తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, ఓడ పేరు, జిల్లా విశాఖపట్నం. ఊరు అన్న గడిలో ఎవరో తెల్ల గుమాస్తా తన చెవికి వినపడ్డట్టు గిలికిన ఎనిమిది అక్షరాలు. దాన్ని నేను నాలుగైదు రకాలుగా పలికి చూశాను. వలస అనా? పేట అనా? పాలెమా? ఒక్కటీ మన నేల మీద ఉన్న ఊరులా మోగలేదు. ఆయన నా పెదాలవంక ఆశగా చూస్తున్నాడు. రిజల్ట్సు బోర్డు ముందు నిలబడ్డ పిల్లాడిలాగ. "తెలీటం లేదండీ" అన్నాను.

"ఎవరికీ తెలీదు" అని కాగితం జాగ్రత్తగా మడిచేశాడు. కాస్సేపాగి, "ఒక్కసారి సింహాచలం రావాలని ఉంది. ఏ నెలలో వస్తే మంచిది?" అన్నాడు.

ఇక ప్రశ్నలు వరసగా వచ్చాయి. చలి ఉంటుందా? నీళ్ళు తాగొచ్చా? కూరల్లో కారం బాగా వేస్తారా? టాక్సీవాళ్ళు మోసం చేస్తారా? డబ్బు ఎంత వెంట ఉండాలి? చెప్పులు ఎక్కడ విడవాలి? నేను వెళ్ళేముందు నలుగుర్ని పట్టుకుని అడిగిన ప్రశ్నలే, అక్షరం పొల్లుపోకుండా. నేనూ ఉత్సాహంగా చెప్పుకుపోయాను. చందనోత్సవం నాడు అప్పన్న నిజరూపం చూడొచ్చు గానీ వైశాఖం ఎండ, తొక్కిడి తట్టుకోలేరు, డిసెంబరులో రండి, నీళ్ళ సీసా కొనుక్కోండి, ఆటో ఎక్కేముందే బేరమాడండి. సలహాలిస్తుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. నూటయాభై ఏళ్ళ కిందట అప్పన్న కొండ కిందనుంచి మూట కట్టుకుని వెళ్ళిన మనిషి మునిమనవడికి, అప్పన్న గుడికి ఎలా వెళ్ళాలో పర్యాటకుడికి చెప్పినట్టు చెబుతున్నానని సగంలో తట్టి, నోరు తడారిపోయింది.

లేచేముందు ఆయన అడిగాడు: "ఒక్కటే భయం. అక్కడ అందరూ మీలాగే ఏ ఊరు మీది అని అడుగుతారా?"

"అడుగుతారండీ. తప్పించుకోలేరు" అన్నాను. నా దగ్గరున్న సలహాలన్నీ అయిపోయాయి.

ఆ రాత్రి కాగితం మీద ఆరో అంకె పక్కన ఇలా రాశాను: "మనవాళ్ళు కనిపిస్తే మాట్లాడు. తెలుగు వచ్చా అని పరీక్ష పెట్టకు. ఏ ఊరని మాత్రం అడగకు." ఎందుకో రాయలేదు. లిస్టు ఫొటో తీసి పంపాను. "మావయ్యా, ఇది లిస్టా, నవలా?" అని జవాబొచ్చింది.

మూడు వారాల తరవాత ఓ మధ్యాహ్నం వాట్సాప్ మోగింది. చెరకుతోట, రాళ్ళ గుట్ట, ముందు నిలబడి ఇద్దరూ. అమ్మాయి ఒంటి మీద స్వెటర్. కింద రాశాడు: "మావయ్యా, డాల్‌పురీ సూపర్. స్వెటర్ పనికొచ్చింది. బజారులో తెలుగాయన ఒకాయన కలిశాడు. నువ్వు చెప్పినట్టే ఏ ఊరని మేం అడగలేదు. ఆయనే మమ్మల్ని అడిగాడు. కాకినాడ అన్నాం. ఆయనకి తెలీలేదు. కాస్సేపు ఆలోచించి, అది కోరంగికి దగ్గరా అన్నాడు."